బదిలీ అయ్యే దుకాణం

"మీవారేం చేస్తారండీ?" అని రైల్లో పరిచయమైన ప్రతివారూ అడుగుతారు. "మిలటరీలో వున్నారండీ" అనడం ఆలస్యం, ఎదుటివారి ముఖంలో రెండు భావాలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. మొదటిది గౌరవం. అది కాస్త సర్దుకున్నాక వచ్చే రెండోది అసూయ. "అయితే మీకేమండీ! క్వార్టర్సు వాళ్ళే ఇస్తారు. క్యాంటీన్లో సరుకులు చవక. వైద్యం ఉచితం. ఇంక లోటేముంది?" అంటారు. లోటుందని నేనూ అనను. దేశంలో చాలామందికన్న మేము నిశ్చింతగానే తింటున్నాం, నిశ్చింతగానే పడుకుంటున్నాం, ఆయన సరిహద్దుల్లో లేని రోజుల్లో.

కాని, "మరి మీరేం చేస్తారు?" అని నన్ను అడిగినవారు ఇన్నేళ్ళలో నలుగురైదుగురికి మించి లేరు. అడిగితే చెప్పడానికి నా దగ్గర మంచి సమాధానమే వుంది. నాకొక దుకాణం వుంది. కుట్టు దుకాణం. జాకెట్లు, లంగాలు, పంజాబీ డ్రెస్సులు, పిల్లల స్కూలు యూనిఫారాలు కుడతాను. చీరలకు ఫాల్, పికో వేస్తాను. అందరి దుకాణాలూ ఒక వీధిలో వుంటాయి. నాది పదిహేడేళ్ళలో ఏడు చిరునామాలు మారింది. ప్రభుత్వం మావారిని బదిలీ చేసినప్పుడల్లా నా దుకాణాన్ని కూడా బదిలీ చేసింది. అయితే ఆ సంగతి ప్రభుత్వానికి తెలియదు. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది అందుకే.

మాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దాపున ఒక పల్లె. మా వైపు మాధవరాన్ని ఉత్త మాధవరం అనరు, మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ ఆ వూరి మగవాళ్ళు తరం తరవాత తరం పటాలంలో చేరుతూనే వున్నారు. అటువంటి వూరి పక్కన పుట్టిన పిల్లకు సైనికుడితో పెళ్ళంటే భయమేమీ వుండదు. మా పెద్దమ్మ కాలంలో సైనికుడి భార్య అత్తవారింట్లోనే వుండిపోయేది. మనియార్డరూ, ఏడాదికోసారి ఆయనా వచ్చేవారు. మా తరం వచ్చేసరికి, ఫామిలీ క్వార్టర్సు దొరికితే వెంట వెళ్ళడం మొదలయింది. ఇది సుఖమే. కాని పెద్దమ్మకు లేని చిక్కు ఒకటి మాకు వచ్చిపడింది. ఆవిడకు స్థిరమైన వూరు వుంది, చేతిలో పాడి వుంది, ఆ పాలు పోయించుకునే ఇళ్ళు వున్నాయి. మాకు ట్రంకుపెట్టెలు వున్నాయి.

2008లో కాపురానికి వెళ్ళేటప్పుడు మా అమ్మ నాకు ఇచ్చిన సారెలో అన్నిటికన్న బరువైనది కాలితో తొక్కే కుట్టుమిషను. "వంటసామాను ఎక్కడైనా కొనుక్కోవచ్చు. చేతిలో పని వుంటే ఏ దేశంలోనైనా బతకొచ్చు" అన్నది. ఆవిడ దృష్టిలో మధ్యప్రదేశ్ కూడా ఇంకో దేశమే. ఆ మిషను సికిందరాబాదు, జబల్పూరు, భటిండా, పఠాన్‌కోట, బబీనా... ఇట్లా తిరిగి, మావారికంటె ఎక్కువ దెబ్బలు తిని, ఇప్పటికీ పనిచేస్తూనే వున్నది.

కంటోన్మెంటులో ఆడదాని వ్యాపారం ఎట్లా పుడుతుందో, ఎట్లా పెరుగుతుందో, ఎట్లా చచ్చిపోతుందో నాకు తెలిసినంత బాగా ఏ అర్థశాస్త్ర పండితుడికీ తెలియదనుకుంటాను. కొత్త వూరు వెళ్ళిన మొదటి ఆరు నెలలూ ఎవరూ కొత్త గుడ్డ ఇవ్వరు. ఆడవాళ్ళు జాకెట్టు కుట్టేవాళ్ళను ఎంచుకోవడంలో చూపే జాగ్రత్త అల్లుణ్ణి ఎంచుకోవడంలో కూడా చూపరు! చినిగిన చుడీదారు అంచూ, పొడుగైన ప్యాంటు మడతా, వూడిన హుక్కులూ, ఇవే వస్తాయి. తరవాత ఎవరో ఒక ధైర్యవంతురాలు పాత చీరముక్క ఇచ్చి, "ఇది పాడయినా ఫరవాలేదు" అంటుంది. అది పాడవదు. ఆవిడ వెల్ఫేర్ మీటింగుకు ఆ జాకెట్టు వేసుకు వెడుతుంది. మరునాడు నలుగురు వస్తారు. రెండో ఏడు దీపావళికి రాత్రి పన్నెండింటిదాకా మిషను చప్పుడు ఆగదు. మూడో ఏడు వచ్చేసరికి నా కొలతల పుస్తకంలో నూటపాతిక పేర్లు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, మావారు సాయంత్రం టోపీ తీస్తూ, "పోస్టింగ్ వచ్చిందే" అంటారు.

లెక్క చెప్పమంటే చెబుతాను. జబల్పూరులో మొదటి నెలల్లో నా రాబడి ఆరేడు వందలు. వెళ్ళిపోయేనాటికి నెలకు ఎనిమిది వేలు దాటింది. భటిండాలో మళ్ళీ ఆరేడు వందలు! ఉద్యోగస్తుడికి బదిలీ అయితే సీనియారిటీ వెంట వస్తుంది, జీతం వెంట వస్తుంది. ఇంటి సామాను తరలించుకోవడానికి ఖర్చు కూడా ప్రభుత్వమే ఇస్తుంది. ఆ సామానులో మిషను వస్తుంది. నూటపాతికమంది మాత్రం రారు. మంచిపేరును ఏ ట్రంకుపెట్టెలోనూ సర్దలేం గదా!

నాకు తోటివాళ్ళు చాలామంది వున్నారు. భటిండాలో మా పైఅంతస్తు తమిళావిడ ఇడ్లీపిండి, పొడులు అమ్మేది. ఆహారపదార్థాల వ్యాపారానికి ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషను వుండాలి. దాని రుసుము పెద్దదేమీ కాదు, అప్పట్లో చిన్న వ్యాపారులకు ఏడాదికి 100 రూపాయలే. కాని ఆ రిజిస్ట్రేషను తయారుచేసే చోటును బట్టి ఇస్తారు. చోటు మారితే కాగితం మారాలి. ఆవిడ కాగితం చేతికి వచ్చిన కొద్దినెలలకే పోస్టింగ్ ఆర్డరు కూడా చేతికి వచ్చింది. పోనీ, కొత్త వూరినుంచి పాత ఖాతాదార్లకు పార్సెళ్ళు పంపుదామంటే, 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చింది. చిన్న వ్యాపారికి అందులో మినహాయింపు వున్నమాట నిజమే. కాని పన్ను పడే సరుకు ఒక రాష్ట్రంనుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత తక్కువైనా రిజిస్టరు కావాలి. కదలకుండా ఒకేచోట వుండే వ్యాపారికి ఇది పట్టింపే కాదు. ఆవిడ ఖాతాదార్లు మాత్రం మూడు రాష్ట్రాల్లో వున్నారు. వాళ్ళను ఆవిడ వెతుక్కుంటూ వెళ్ళలేదు. సర్కారే ఆవిణ్ణి తీసుకువెళ్ళి పరిచయం చేసింది!

నాకు 2016లో పెద్ద ఆలోచన వచ్చింది. ఓవర్‌లాక్ మిషనూ, పికో మిషనూ కొంటే పని మూడింతలవుతుంది. ముద్రా పథకం అంతకు ముందు సంవత్సరమే, 2015 ఏప్రిల్లో వచ్చింది. అందులో మొట్టమొదటి మెట్టు 'శిశు'. 50,000 రూపాయలదాకా, హామీ లేకుండా అప్పు. నాకంటె పెద్ద శిశువు ఎవరున్నారని వుత్సాహంగా ఒక బ్యాంకుకు వెళ్ళాను. మేనేజరు మర్యాదస్తుడే. కాగితాలు తిరగేశాడు.

"మీ శాశ్వత చిరునామా ఆంధ్రప్రదేశ్‌లో వుంది కదా, మేడమ్?"

"అవునండీ."

"మీ వ్యాపారం వున్న ఇల్లు?"

"ప్రభుత్వ క్వార్టరండీ. యూనిట్లో తెలియజేసే కుడుతున్నాను."

"ఎన్నాళ్ళు వుంటారు ఇక్కడ?"

అబద్ధం ఆడటం చేతకాక, "ఇంకో ఏడాది వుండవచ్చు" అన్నాను.

ఆయన నవ్వాడు. "అప్పు తీర్చడానికి మూడేళ్ళు అడుగుతున్నారు. మీరు ఏడాదిలో వెళ్ళిపోతారు. నేనెవరిని అడగాలి? మీ సొంతవూళ్ళో బ్యాంకులో అడగండి" అన్నాడు.

సెలవులో సొంతవూరు వెళ్ళినప్పుడు అక్కడి బ్యాంకులో అడిగాను. "వ్యాపారం ఇక్కడ లేదు కదమ్మా, అప్పు ఇక్కడెట్లా ఇస్తాం?" అన్నారు. ఇద్దరి మాటా సబబుగానే వుంది. రెండు సబబులు కలిసి నా మిషన్లను మింగేశాయి.

ఆఖరికి ఆ డబ్బు ఎక్కడ పుట్టిందంటారా? మా అమ్మ వున్న డ్వాక్రా సంఘంలో. నెలనెలా పొదుపు చేసి, వారంవారం కూర్చుని లెక్కలు చూసుకునే పదిమంది ఆడవాళ్ళు, బ్యాంకునుంచి వచ్చిన అప్పులో అమ్మ వంతు ఇచ్చారు. అమ్మ నాకిచ్చింది. నేను నెలనెలా పంపాను, ఒక్క వాయిదా తప్పలేదు. నేనే ఒక సంఘంలో చేరుదామంటే వీలుకాదు. సంఘానికి వూరు వుండాలి, నాకు వూరు లేదు.

మరి సైనిక కుటుంబాలకోసం ప్రభుత్వం ఏమీ చేయడంలేదా అంటే, అట్లా అనడం కృతఘ్నత అవుతుంది. రక్షణశాఖలో పునరావాసంకోసమే ఒక డైరెక్టరేటు వుంది. పదవీ విరమణ చేసిన సైనికులకూ, సైనికుల వితంతువులకూ బతుకుతెరువు చూపడం దాని పని. గ్యాసు ఏజెన్సీలూ, పెట్రోలు బంకులూ కేటాయించేటప్పుడు వారికి అర్హతాపత్రాలు ఇస్తుంది. ఢిల్లీ పరిసరాల్లో పాలబూతులూ, కూరగాయల దుకాణాలూ ఇప్పిస్తూ వచ్చింది. బొగ్గుగనుల దగ్గర మాజీ సైనికులు నడిపే రవాణా కంపెనీల్లో వితంతువు పేర టిప్పరు చేర్చి నెలనెలా రాబడి వచ్చే ఏర్పాటు కూడా చేసింది. 1999లో కార్గిల్ యుద్ధం తరవాత, అమరులైనవారి కుటుంబాలకు పెట్రోలు బంకులు, గ్యాసు ఏజెన్సీలు ఇచ్చారు. ఏటా డిసెంబరు 7న మనం చొక్కాకు జెండా గుచ్చుకుని హుండీలో వేసే డబ్బు వున్నదే, ఆ సైనిక పతాకదినం 1949నుంచీ జరుగుతున్నది. ఆ నిధిలోంచీ వితంతువులకూ, మాజీ సైనికులకూ సహాయాలు అందుతాయి.

ఇవి ఆయాచితంగా వచ్చినవి కావు. 1971 యుద్ధం తరవాత వితంతువుల దుస్థితి చూసి, మన తెలుగువారికి బాగా తెలిసిన వి. వి. గిరిగారి కోడలు మోహినీగిరిగారు 1972లో యుద్ధ వితంతువుల సంఘం స్థాపించారు. భర్త పోయిన స్త్రీకి పింఛను పడేస్తే చాలదు, పని నేర్పి నిలబెట్టాలని ఆవిడ 2023లో కన్నుమూసేదాకా చెబుతూనే వున్నారు.

ఇంతవరకూ బాగానే వుంది. మా జిల్లాలో మాజీ సైనికుల మంచిచెడ్డలు చూసే కార్యాలయానికి ఒకసారి వెళ్ళాను. అక్కడి గుమాస్తాగారు కూడా పాత సైనికుడే. ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అడిగారు.

"అమ్మా, మీవారు రిటైరయ్యారా?"

"లేదండీ, సర్వీసులోనే వున్నారు."

ఆయన కలం ఆగింది. ఇంకో ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. అది ఆయన నోటితో అడగలేక నా మెడకేసి, నల్లపూసలకేసి చూసి తల దించుకున్నారు. "మరి మీరు ఏ జాబితాలోకీ రారమ్మా" అన్నారు మెల్లగా. "అయినా మీరు ఆడవాళ్ళు గదా, ఆ దారిన ప్రయత్నించండి" అని ఓపికగా పథకాల పేర్లన్నీ కాగితంమీద రాసి ఇచ్చారు. ఆ పెద్దమనిషికి ఈనాటికీ నమస్కారం పెట్టుకుంటాను.

ఇంటికి వచ్చి ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చదివించాను. మా పెద్దమ్మాయికి ఇంగ్లీషు బాగా వచ్చు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకమని 2008లో మొదలైనది ఒకటి వుంది. అందులో మహిళలూ, మాజీ సైనికులూ ఒకే ప్రత్యేక కోవ. మన చేతినుంచి నూటికి 5 రూపాయలు పెట్టుకుంటే చాలు, పట్టణంలో నూటికి 25, పల్లెలో నూటికి 35 సబ్సిడీ. చదువుతున్నంతసేపూ ప్రాణం లేచివచ్చింది. తరవాత ఇంకో వాక్యం వచ్చింది. ఆ సబ్సిడీ డబ్బు మూడేళ్ళపాటు బ్యాంకులో డిపాజిట్టుగా వుంటుంది. ఆ తరవాత వచ్చి, వ్యాపారం నడుస్తున్నదని కళ్ళతో చూసి ఖాతాకు జమ వేస్తారు. మూడేళ్ళు! మా అమ్మాయి చదవడం ఆపి, "అమ్మా, అప్పటికి మనం ఎక్కడుంటామో!" అన్నది. ప్రజల డబ్బు దుర్వినియోగం కాకూడదని పెట్టిన న్యాయమైన నిబంధన అది. పెట్టినవారి మనసులో మోసగాళ్ళు వున్నారు; సైనికుల భార్యలు లేరు.

2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ పథకం వచ్చింది. పద్ధెనిమిది వృత్తులవారికి సహాయం. అందులో దర్జీ వుంది! శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, నూటికి 5 వడ్డీతో మొదట లక్షా, తరవాత రెండు లక్షలూ అప్పు. ఎవరి పేరో కాదు, అచ్చంగా నా పేరే రాసిపెట్టినట్లున్నది. కాని అర్హతల దగ్గర, ప్రభుత్వోద్యోగులూ వారి కుటుంబ సభ్యులూ అర్హులు కారని వుంది. గుమాస్తాగారి భార్యకూ, కలెక్టరుగారి భార్యకూ వర్తించే మాట అది. సైనికుడూ ప్రభుత్వ జీతగాడే గనక అదే గీతతో మేమూ కొట్టుకుపోయాం. ప్రభుత్వోద్యోగి కుటుంబం కాబట్టి ఇక్కడ పనికిరాను. మాజీ సైనికుడి కుటుంబం కాదు కాబట్టి అక్కడ పనికిరాను. మావారితో ఈ మాటంటే ఆయన, "మరి నువ్వెవరివే?" అని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలి. అది పఠాన్‌కోటలో జరిగిన సంగతి. మా పక్క క్వార్టర్లో ఒక ఉత్తరప్రదేశ్ అమ్మాయి వుండేది. ఇరవైఆరేళ్ళది, ఇద్దరు పసివాళ్ళు. భర్త పైన మంచుకొండల్లో డ్యూటీ. మధ్యాహ్నాలు నా దగ్గరకు వచ్చి కాజాలు కుట్టిపెట్టేది. కత్తిరింపు నేర్పమని అడిగేది. "మావారి పోస్టింగ్ దగ్గరపడింది. కొత్త వూళ్ళో మొదలుపెడతాలే దీదీ" అని తానే వాయిదా వేసేది. ఒక చలికాలం తెల్లవారుజామున యూనిట్ నుంచి మనుషులు వచ్చారు. ఆ తరవాత సంగతి మీకు చెప్పనక్కరలేదు.

సైన్యం ఆ అమ్మాయిని విడిచిపెట్టలేదు. పింఛను వచ్చింది. రావలసిన మొత్తాలన్నీ వచ్చాయి. కొన్నాళ్ళకు ఒక ఏజెన్సీ కూడా దొరికింది. నిన్నటిదాకా ఒక్క తలుపూ తెరుచుకోని ఇంటికి అన్ని తలుపులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఏడాది గడిచాక ఫోన్ చేసింది. "ఏజెన్సీ ఎట్లా నడుస్తోంది?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "సంతకం నాది దీదీ, తాళం మా మరిదిది" అన్నది. సరుకు ఎంత వస్తున్నదో, డబ్బు ఎంత మిగులుతున్నదో ఆ పిల్లకు తెలియదు. బిల్లుపుస్తకం ఏనాడూ ముట్టుకున్నది కాదు. బ్యాంకు మెట్లు ఎక్కింది కాదు. ఎవరు నేర్పారు గనక? భర్త బతికున్నన్నాళ్ళూ ఆమె వ్యాపారం ఎవరికీ కనిపించలేదు; భర్త పోయిన మరుక్షణం నుంచీ ఆమె పెద్ద వ్యాపారస్తురాలు కావాలని అందరూ ఆశించారు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా నల్లపూసలు చూసి తల దించుకున్న ఆ గుమాస్తాగారు గుర్తుకు వచ్చారు. నాకు కావలసిన అర్హత ఏమిటో ఆయనకు తెలుసు. ఆ అర్హత నాకు రాకూడదని ఆయనా దేవుడికి మొక్కుకునే వుంటారు.

వితంతువుకు ఇచ్చేది తగ్గించమని నేను అనడంలేదు. నా నోట ఆ మాట ఎన్నటికీ రాదు. నేననేది ఇంతే: భర్త వుండగా రెండు మిషన్లు నడిపి, లెక్కలు రాసుకుని, బ్యాంకులో వాయిదాలు కట్టి అలవాటుపడిన ఆడది, దేవుడు చిన్నచూపు చూసిన రోజున మరిది చేతికి తాళం ఇవ్వదు. భార్యకు ఇవాళ ఇచ్చే చిన్న సహాయం వితంతువుకు రేపు ఇవ్వబోయే పెద్ద సహాయానికి పునాది. ఆ రేపు రాకపోతే మరీ మంచిది. సైనికులు ముప్పయ్యైదూ నలభైఏళ్ళకే రిటైరై ఇంటికి వస్తారు గనక, అప్పటికి ఇంట్లో నడుస్తున్న దుకాణం ఒకటి వుంటుంది.

సైనికుల భార్యల సంక్షేమ సంఘం, అందరూ 'ఆవా' అంటారు, 1966లో ఏర్పడింది. అది ప్రభుత్వశాఖ కాదు, మేమే నడుపుకునే సంఘం. చాలా కంటోన్మెంట్లలో కుట్టు, అల్లిక, కంప్యూటరు తరగతులు పెడుతుంది. మేళాల్లో మా సరుకులు అమ్మిపెడుతుంది. నేను ఎంబ్రాయిడరీ నేర్చుకున్నది అక్కడే. మా సంఘం పని నేర్పగలదు, ధైర్యం చెప్పగలదు. బ్యాంకు నిబంధన మార్చడం, సబ్సిడీ గీత సవరించడం సంఘం చేతిలో లేవు. అవి సర్కారు చేయవలసినవి.

చేయడానికి వీలవుతుందా అంటే, అమెరికా సంగతి వినండి. మా ఆడపడుచుగారి బంధువుల అమ్మాయి ఒకామె భర్త అక్కడి సైన్యంలో వున్నాడు. ఆ అమ్మాయి చెబితే నేను ఆశ్చర్యపోయాను. భర్తతోపాటు రాష్ట్రాలు మారే భార్యకు పన్నుల చిక్కు రాకుండా, పాత రాష్ట్రాన్నే తన రాష్ట్రంగా వుంచుకోవచ్చునని 2009లోనే చట్టం చేశారట. వృత్తి లైసెన్సు కొత్త రాష్ట్రంలో మళ్ళీ తీసుకోవలసివస్తే, ఆ ఖర్చు మొదట 500 డాలర్లదాకా, తరవాత 1,000 డాలర్లదాకా సైన్యమే తిరిగి ఇస్తున్నది. 2022 డిసెంబరులో చేసిన చట్టంతో, భార్యకు సొంత వ్యాపారం వుంటే దాన్ని బదిలీచోటికి మార్చుకునే ఖర్చుకు కూడా ఆ 1,000 డాలర్ల సహాయం వర్తింపజేశారు. రిటైరయ్యే సైనికులకు వ్యాపారం నేర్పే తరగతుల్లో భార్యలను కూడా కూర్చోబెడతారు. వాళ్ళ సంపద మనకు లేకపోవచ్చు. కాని చూడండి, ఆ చట్టాల్లో గొప్ప డబ్బేమీ లేదు. సైనికుడు కదిలితే ఇంకో మనిషి బతుకుతెరువు కూడా కదులుతుందన్న గమనింపు వుంది. గమనించడానికి ఖర్చు లేదు గదా!

మనకు ఏమి కావాలో నేను లెక్కవేసి పెట్టుకున్నాను. కోట్లు అక్కరలేదు. మొదటిది: భర్త యూనిట్ ఇచ్చే ధ్రువపత్రాన్ని బ్యాంకులు చిరునామాగా అంగీకరించి, అప్పు ఖాతాను బదిలీతోపాటు కొత్త వూరి శాఖకు పంపించాలి. జీతం ఖాతాలు దేశమంతా తిరుగుతున్నప్పుడు అప్పు ఖాతాకు కాళ్ళు లేవా? రెండవది: మూడేళ్ళు వ్యాపారం నడవాలన్న నిబంధనలో, సైనికుడి బదిలీవల్ల చోటు మారితే వ్యాపారం ఆగినట్లు లెక్కించరాదని ఒక్క వాక్యం చేర్చాలి. మూడవది: ప్రభుత్వోద్యోగుల కుటుంబాలు అనర్హం అన్నచోట, జవాను భార్యను ఆ గీతకు ఇవతల వుంచాలి. నాలుగవది: కంటోన్మెంటు బజారుల్లో ఒకటి రెండు గదులు, వున్నన్నాళ్ళు వాడుకుని వెళ్ళేటప్పుడు ఖాళీచేసే షరతుమీద, మావంటివాళ్ళకు వంతులవారీగా ఇవ్వాలి.

పూర్తిగా నిరాశపడవలసిన పని కూడా లేదు. 2020 జూలైనుంచి 'ఉద్యమ్' రిజిస్ట్రేషను ఇంట్లో కూర్చుని, దమ్మిడీ ఖర్చు లేకుండా, ఆధార్ నంబరుతో చేసుకోవచ్చు. నేను చేసుకున్నాను. కేంద్ర ప్రభుత్వ శాఖలూ సంస్థలూ కొనే సరుకులో నూటికి 25 వంతులు చిన్న పరిశ్రమలనుంచీ, అందులో 3 వంతులు మహిళల యూనిట్లనుంచీ కొనాలని 2018లో నియమం చేశారు. ఆసుపత్రి దుప్పట్లూ, మెస్సు తెరలూ, వంటవాళ్ళ ఏప్రన్లూ మేము కుట్టలేనివా? ఆ కాగితం పటం కట్టించి మిషను ఎదురుగా గోడకు తగిలించాను. సైన్యం భార్యగా కాకపోయినా, దర్జీగా నేనున్నానని సర్కారు ఒప్పుకున్న మొదటి కాగితం అది.

ప్రస్తుతం మేము మళ్ళీ సికిందరాబాదులో వున్నాం. తిరుమలగిరి దగ్గర. మావారికి ఇంకా కొద్దికాలమే సర్వీసు. ఆయన రిటైరైన మర్నాటినుంచీ 'మాజీ సైనికుడు' అవుతారు. వ్యాపారం పెట్టుకోమని పథకాలు ఆయన్ను పిలుస్తాయి. సూదిలో దారం ఎక్కించడం రాని మనిషి! "పెట్టుబడి నా పేర తెస్తాను, మేస్త్రీవి నువ్వుగా వుందువుగాని" అంటున్నారు. "మేస్త్రీని కాదు, యజమానిని. మీరు కావాలంటే కాజాలు కుట్టవచ్చు" అన్నాను. ఒప్పుకున్నారు. పటాలంలో క్రమశిక్షణ బాగా నేర్పుతారు.

నా దగ్గర ఇప్పుడు ఇద్దరు అమ్మాయిలు పని నేర్చుకుంటున్నారు. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది ఒడిశా. ఇద్దరి భర్తలూ ఎత్తుకొండల్లో వున్నారు. కత్తిరింపు నేర్పడానికి ముందు వాళ్ళకు బిల్లుపుస్తకం రాయడం నేర్పాను. బ్యాంకుకు వాళ్ళనే పంపుతున్నాను. "మేము వెడితే ఏమంటారో అక్కా" అని భయపడుతుంటారు. "ఏమన్నా అననీ, మెట్లు ఎక్కడం అలవాటు కావాలి" అంటాను.

చట్టాలు మారడానికి కాలం పడుతుంది. ఈలోగా మీరు చేయగలిగినది ఒకటి వుంది. మీ వీధిలోకి ఎప్పుడైనా ట్రంకుపెట్టెలతో ఒక సైనిక కుటుంబం అద్దెకు దిగితే, ఆ ఇల్లాలిని, "మీరేం చేస్తారమ్మా?" అని అడగండి. పచ్చళ్ళు అమ్ముతానంటే పావుకిలో కొనండి. పిల్లలకు పాఠాలు చెబుతానంటే మీ పిల్లవాణ్ణి పంపండి. జాకెట్లు కుడతానంటే పాత చీరముక్క కాదు, పండుగకు కొన్న కొత్తగుడ్డే ఇచ్చి చూడండి. ఆవిడకు ఆ వూళ్ళో వున్నదే రెండు మూడేళ్ళు. అందులో ఆరు నెలలు మన అనుమానం తీరడానికే ఖర్చు కానివ్వకండి.